మాటల గడి

ఆ ఇంట్లో కోడలిది నోటి ఉద్యోగం, అత్తది చేతి పని. కోడలు బస్టాండులో మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఎన్నో నంబరు ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉందో చెబుతుంది. అత్త ఇంట్లో కిటికీ పక్కన కూర్చుని దర్జీ షాపుల నుంచి వచ్చిన చొక్కాలకు కాజాలు కుడుతుంది, గుండీలు వేస్తుంది. అత్తకు పుట్టుకతోనే వినపడదు, మాట రాదు. కోడలు డ్యూటీకి వెళ్ళినప్పుడు పదిహేను నెలల బుడ్డోణ్ణి చూసుకునేది ఆవిడే.

సోమవారం పొద్దున కోడలు వాణ్ణి టీకాకు తీసుకెళ్ళింది. టీకాల గదిలో నర్సు అట్ట మీద కాగితం పెట్టుకుని వరసగా అడుగుతూ పోయింది. నడుస్తున్నాడా, నడుస్తున్నాడు. గ్లాసుతో తాగుతున్నాడా, సగం తాగి సగం ఒలకబోస్తాడు. మెట్లు ఎక్కుతాడా, ఎక్కుతాడు కానీ దిగడం రాదు. నర్సు పెన్ను గడి గడికీ టిక్కు పెట్టుకుంటూ కిందికి దిగి ఒక చోట ఆగింది.

“మాటలెన్ని వచ్చు?”

“అంటే?”

“అమ్మ అనీ, నాన్న అనీ, తాత అనీ ఏదో ఒకటి అంటాడుగా. ఎన్ని రాయమంటావు?”

కోడలు బుడ్డోడి వైపు చూసింది. వాడు నర్సు చేతిలోని పెన్ను వైపు చూస్తున్నాడు. “ఇంకా ఏమీ అనడండి.”

“అసలేమీ?”

“ఊ, ఆ అంటాడు. నవ్వుతాడు.”

నర్సు ఆ గడిలో సున్నా చుట్టింది. గడి నిండా పట్టే సున్నా. “పగలు ఎవరు చూస్తారు వీణ్ణి?”

“మా అత్తగారు.” కోడలు అక్కడితో ఆపుదామనుకుంది కానీ నర్సు చూపు ఆమెను వదల్లేదు. “ఆవిడకి పుట్టుకతోనే వినపడదండి. మాట్లాడలేరు. చేతుల్తో సైగలు చేస్తారు. వీడికి కూడా ఏవో నేర్పారు.”

“అదీ సంగతి.” నర్సు అట్టను ఒళ్ళో పెట్టుకుంది. “పొద్దస్తమానం మూగావిడ దగ్గర కూచుంటే వాడికి మాట ఎక్కణ్ణుంచి ఊడిపడుతుందమ్మా? చెయ్యి ఆడిస్తే పాలు వస్తుంటే నోరెందుకు తెరుస్తాడు? ముందు ఆ సైగలు ఆపించు. సైగ చేస్తే ఏదీ ఇవ్వొద్దు. నోటితో అడిగేదాకా ఇవ్వొద్దు.” తర్వాత గొంతు తగ్గించింది. “నాన్నమ్మకి పుట్టుకతోనే అంటున్నావు కాబట్టి వీడి చెవులు కూడా ఒకసారి చూపించుకుంటే మంచిది. గురువారం పదకొండింటికి పెద్దాస్పత్రికి తీసుకెళ్ళు.” అని చీటీ రాసిచ్చింది.

సూది గుచ్చగానే బుడ్డోడు గది దద్దరిల్లేలా ఏడ్చాడు. బయట బెంచీల మీద ఉన్న తల్లులు తలలెత్తి చూశారు. గొంతుకేం లోటు లేదు, అనుకుంది కోడలు. ఆ మాత్రం దానికే ఆమెకు కాస్త ధైర్యం వచ్చింది. ఇంటికి వచ్చేసరికి అదీ కరిగిపోయింది.

భర్తది మోటారు వైండింగ్ పని. సాయంత్రం వచ్చి వేళ్ళకు అంటిన వార్నిషు కడుక్కుంటుంటే ఆమె నర్సు చెప్పినదంతా చెప్పింది. అతను తువ్వాలుతో ఒక్కొక్క వేలూ తుడుచుకుంటూ విన్నాడు.

“నేను మాట్లాడట్లేదా? నన్ను పెంచింది కూడా ఆవిడేగా.”

“మీకు మీ నాన్న ఉన్నారు. ఇంటి నిండా జనం ఉన్నారు. వీడికి పగలంతా ఎవరున్నారు చెప్పండి.”

అతను చీటీ తీసుకుని చెవుల పరీక్ష అన్న చోట రెండుసార్లు చదివాడు. మడత పెట్టి తిరిగి ఇచ్చేశాడు.

“అత్తయ్యతో మీరు చెప్పండి,” అంది కోడలు.

“నేను చెప్పను.”

“నాకు మీ చేతుల భాష అంత బాగా రాదుగా.”

“వచ్చినంతలో చెప్పు. ఆ మాట మాత్రం మా అమ్మకి నా చేతుల్తో చెప్పించకు.”

నాలుగేళ్ళ కాపురంలో కోడలు నేర్చుకున్న సైగలు ఇల్లు గడవడానికి సరిపడేటన్ని. తిన్నారా, నీళ్ళు, వెళ్ళొస్తాను, ఎన్ని గంటలకు. అంతకు మించినవి భర్త నడిపిస్తాడు. ఇప్పుడు ఆమె ఒక్కతే వెళ్ళి అత్త ఎదురుగా కూర్చుంది. బుడ్డోణ్ణి చూపించింది. తన చేతులు గాలిలో ఆడించింది. రెండు మణికట్లూ అడ్డంగా పెట్టి వద్దంది. తర్వాత తన నోరు చూపించింది, వాడి నోరు చూపించింది, వేళ్ళు పెదాల దగ్గర నుంచి ముందుకు జరిపింది. మాట రావాలి. చేస్తున్నంతసేపూ అలవాటు కొద్దీ నోటితో కూడా అంటూనే ఉంది. “మీ మీద ఏం లేదు అత్తయ్యా, డాక్టరు దగ్గర చెప్పారు.” అన్నది నర్సే కానీ డాక్టరంటే బరువుంటుందనిపించింది.

అత్త కళ్ళద్దాల పైనుంచి చూసింది. అర్థం కాకపోవడం అనేది ఆవిడ మొహంలో ఒక్క క్షణమైనా కనిపించలేదు. సూదిని చొక్కా మెడపట్టీలో గుచ్చి, గుండీల డబ్బా మూతపెట్టి, రెండు చేతులూ ఒళ్ళో బోర్లించి పెట్టుకుంది. బళ్ళో పంతులు కూర్చోమన్న పిల్లలా కూర్చుంది.

దెబ్బలాడి ఉంటే కోడలి దగ్గర నర్సు మాటలన్నీ బదులు చెప్పడానికి సిద్ధంగా ఉన్నాయి. వాటి అవసరం రాలేదు.

మంగళవారం కోడలిది పొద్దుటి డ్యూటీ. బస్టాండు మధ్యలో అద్దాల గది, అందులో ఒక మైకు, ఒక బల్ల, ఫ్లాస్కులో గోరువెచ్చటి నీళ్ళు. కంట్రోలరు కిటికీ కన్నంలోంచి చీటీలు అందిస్తాడు. ఆమె గంట మీట నొక్కి, మూడు లెక్కపెట్టి, బండి నంబరు, పోయే ఊళ్ళు, ప్లాట్‌ఫారం చెబుతుంది. ప్రతి అంకె తర్వాత ఒక చిటికెడు ఆగుతుంది. చదువురానివాళ్ళు, కళ్ళు సరిగా కనపడనివాళ్ళు ఆ చిటికెడు ఆగడంలోనే సంచీ ఎత్తుకుంటారని ఆమెకు తెలుసు. ఊరికి ఊరు ఆమె నోటి వెంట నడుస్తుంది.

“ఏంటమ్మా, గొంతు ఇవాళ బొంగురుగా ఉంది,” అన్నాడు కంట్రోలరు. రిటైరుమెంటు దగ్గర పడ్డ మనిషి, సరదా మనిషి. “ఇంట్లో అరిచావా ఏంటి? మీ ఇంట్లో అత్తాకోడళ్ళ గొడవకి ఆస్కారమే లేదాయె. అదృష్టవంతురాలివి. మా ఇంట్లో అయితే మైకు లేకుండానే వీధి చివరి దాకా వినపడుతుంది.”

ఎప్పుడూ ఈ మాటకు ఆమె నవ్వుతుంది. ఇవాళ చీటీ అందుకుని గంట నొక్కింది.

రెండున్నరకు ఇల్లు చేరి తలుపు తీసేసరికి లోపలి గదిలో జరుగుతున్నది గుమ్మంలోంచే కనపడింది. అత్త పక్కన ఎప్పుడూ ఉండేదానికి రెండింతల చొక్కాలున్నాయి. చేతులకు తీరిక ఉండకూడదని తెచ్చిపెట్టుకున్నట్టుంది. బుడ్డోడు ఆవిడ ముందు నిలబడి పిడికిలి మూసి తెరిచాడు, మూసి తెరిచాడు. అది పాలు అని కోడలికి కూడా తెలుసు. అత్త తల వంచుకుని కాజా అంచు చుట్టూ దారం తిప్పుతూనే ఉంది.

వాడు కేకపెట్టలేదు. కుర్చీ పక్కకు వచ్చి ఆవిడ మోకాలి మీద అరచేత్తో రెండుసార్లు తట్టాడు. తట్టి, ఆవిడ తలెత్తే దాకా ఆగాడు. తలెత్తాక, కళ్ళు కలిశాక, అప్పుడు మళ్ళీ పిడికిలి చూపించాడు. పదిహేను నెలల వాడికి ఎక్కడ నిలబడితే ఆవిడకు కనపడతాడో తెలుసు, చూపు అందాక గాని చెప్పకూడదని తెలుసు.

అత్త కళ్ళు మూసుకుంది.

వినపడే మనిషి కళ్ళు మూసుకుంటే చుట్టూ ఇంకా ఏదో ఒకటి మిగిలి ఉంటుంది. ఆవిడకు ఏమీ మిగలదు. కోడలు చెప్పులు కూడా విప్పకుండా లోపలికి వచ్చి వాణ్ణి ఎత్తుకుంది.

“పాలు కావాలా నాన్నా? అను. పా... లు.” గ్లాసు వాడికి అందనంత ఎత్తులో పట్టుకుంది. “పా అను చాలు.”

వాడు పిడికిలి మూసి తెరిచాడు. రెండో చేత్తో కూడా చేశాడు. ఆమెకు అర్థం కాలేదనుకున్నాడో ఏమో, చేతిని ఆమె కళ్ళకు దగ్గరగా తెచ్చి మరీ చేశాడు. ఆమె గోడ గడియారం చూస్తూ పది నిమిషాలు పట్టు బిగించింది. ముక్కూ కళ్ళూ ఏకమై వాడు ఎక్కిళ్ళు పెడుతుంటే ఇక నిలవలేక గ్లాసు అందించింది. తాగాక వాడు ఆమె వైపు చూడలేదు, నాన్నమ్మ వైపూ చూడలేదు.

బుధవారం వాడు చేతులెత్తడమే మానేశాడు.

కోడలు వచ్చేసరికి చెప్పుల అర దగ్గర గోడకు ఆనుకుని కూర్చున్నాడు. పాలు ఇస్తే తాగాడు. అరటిపండు ఇస్తే తిన్నాడు. ఏదీ అడగలేదు. మధ్యాహ్నమంతా సణుగుతూ తిరిగాడు. నాలుగడుగులు వేయడం, కూలబడటం. టీకా వేసిన తొడ నొప్పేమోనని ఆమె రెండుసార్లు నొక్కి చూసింది. జ్వరం లేదు. పళ్ళు వస్తున్నాయేమో అనుకుంది. ఏడుపుకు కారణం వెతకడంలో ఆమెకు అంతకంటే అలవాటు లేదు.

సాయంత్రం నీళ్ళు పోసేటప్పుడు అత్త వాడి మేజోళ్ళు విప్పింది. కుడి మేజోటి మొనలోంచి తెల్లటి చొక్కా గుండీ ఒకటి జారి నేలమీద దొర్లింది. వాడి బొటనవేలి కింద రూపాయంత మేర కందిపోయింది, నాలుగు చిల్లుల అచ్చుతో సహా. పొద్దుటి నుంచి దాని మీదే నడిచాడు.

అత్త గుండీని తీసి అరచేతిలో పెట్టుకుని కోడలికి చూపించింది. చూపించి ఊరుకుంది. అంతకు ముందు వారమైతే ఇలా జరిగేది కాదని ఇద్దరికీ తెలుసు. నొప్పి అనడానికి వాడికి ఒక సైగ ఉండేది. రెండు చూపుడు వేళ్ళూ ఎదురెదురుగా పొడుచుకునేలా పెట్టి, నొప్పి ఉన్న చోటు చూపించేవాడు. అత్త గుండీని డబ్బాలో వేసి వాడి కాలు నీళ్ళలో పెట్టింది.

కోడలు వంటింట్లోకి వెళ్ళి ఒక గిన్నె మూత చేతిలోకి తీసుకుంది. బుడ్డోడు ఒళ్ళు తుడిపించుకుని గోడవైపు తిరిగి కూర్చున్నాక, వాడి వెనక నిలబడి మూతను నేల మీద పడేసింది. గది ఖంగుమంది. వాడు తిరగలేదు. ఆమె మూత తీసి మళ్ళీ పడేసింది. వాడు బొటనవేలు పట్టుకుని చూసుకుంటున్నాడు. గుమ్మంలో నిలబడి ఉన్న భర్త ఇదంతా చూశాడు.

“రేపు మీరు కూడా రండి,” అంది ఆమె.

“పంపు మోటారు ఒకటి పదింటికల్లా ఇవ్వాలి. పొలం ఎండుతోందని వాళ్ళు కూర్చున్నారు.”

“మోటారు ఎక్కువైందా?”

అతను ఆమె చేతిలోంచి మూత తీసుకుని గిన్నె మీద పెట్టాడు. “ఎక్కువ కాలేదు,” అని మాత్రం అన్నాడు.

గురువారం పొద్దున కోడలు సంచీ సర్దుకుని చూసేసరికి అత్త చెప్పులు వేసుకుని తలుపు దగ్గర సిద్ధంగా ఉంది. రమ్మని ఎవరూ అడగలేదు. చంకలో చిన్న సంచీ, అందులో సగం కుట్టిన చొక్కా. రెండు బస్సులు మారి వెళ్ళారు. ఆస్పత్రి వరండాలో అత్త ఒక బెంచీ చూపించి తను ఇక్కడే ఉంటానని కూర్చుని సూది తీసింది.

పరీక్ష గది తలుపు జానెడు మందం ఉంది. లోపల గోడలకు మెత్తటి గుడ్డ అతికించి ఉంది. అడుగు పెట్టగానే తన ఊపిరి తనకే వినపడి కోడలు బుడ్డోణ్ణి దగ్గరికి పొదువుకుంది. పరీక్ష చేసే ఆవిడ పొట్టి జుట్టు మనిషి, కళ్ళద్దాలు తాడుతో మెడలో వేలాడుతున్నాయి. బుడ్డోణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకోమంది. అటూ ఇటూ రెండు నల్ల పెట్టెలు చూపించింది. వాటిలో బొమ్మ కుందేళ్ళున్నాయట. శబ్దం వచ్చిన వైపు వాడు తిరిగితే ఆ పెట్టెలో దీపం వెలిగి కుందేలు డోలు వాయిస్తుంది.

“మీకు కూడా ఇవి పెడతానండి,” అని కోడలి చెవులకు మందపాటి చిప్పలు తగిలించింది. “మీకు వినపడితే మీరు ఉలిక్కిపడతారు, మిమ్మల్ని చూసి వాడు తిరుగుతాడు. లెక్క తప్పుతుంది.”

ఆ చిప్పలతో లోకం ఆగిపోయింది. అద్దం అవతల ఆవిడ మీటలు తిప్పుతోంది. ఏది నొక్కిందో, ఏది మోగిందో కోడలికి తెలియదు. ఆమెకు కనపడేది ముక్కు కింద ఉన్న ఒక్క తల, దాని సుడి. ఊరంతటికీ వినిపించే మనిషి తన బిడ్డకు ఏం వినపడుతోందో తెలియకుండా చేతులు కట్టుకుని కూర్చుంది.

తల ఎడమకు తిరిగింది. దీపం వెలిగింది, కుందేలు చేతులాడించింది. తల కుడికి తిరిగింది. మళ్ళీ ఎడమకు. ఆమె లెక్కపెట్టసాగింది. తర్వాత చాలాసేపు తల కదల్లేదు. అద్దం అవతల ఆవిడ వంగి ఏదో రాసుకుంటోంది. కోడలి వేళ్ళు వాడి పొట్ట మీద బిగుసుకున్నాయి. అప్పుడు తల నెమ్మదిగా, చెట్టు మీద పిట్టను వెతుకుతున్నట్టు, కుడికి తిరిగి ఆగింది. దీపం వెలిగింది.

ఆవిడ వచ్చి చిప్పలు తీసింది. “చివర్లో పెట్టినవి మనలాంటి వాళ్ళకి కూడా చెవులు రిక్కిస్తే గాని వినపడవు. అన్నిటికీ తిరిగాడు.”

“అంటే?”

“వినపడుతోందండి. రెండు చెవులూ శుభ్రంగా ఉన్నాయి.”

“ఇంకోసారి చెప్పండి.”

ఆవిడ ఇంకోసారి చెప్పింది. తల్లులు రెండుసార్లు వింటారని ఆవిడకు తెలిసినట్టుంది.   “నిన్న గిన్నె మూత పడేస్తే తిరగలేదండి,” అంది కోడలు, నేరం ఒప్పుకున్నట్టు.

“అలిగితే మా ఆయన కూడా తిరగడు,” అని ఆవిడ నర్సు పంపిన కాగితం తీసింది. మాటల గడి దగ్గర ఆగింది. “సున్నా అని రాసి ఉంది?”

బుడ్డోడు ఒళ్ళోంచి దిగి చీకటిగా ఉన్న నల్ల పెట్టె ముందు నిలబడ్డాడు. తర్వాత ఆవిడ వైపు తిరిగి, రెండు చేతుల వేళ్ళ కొసలూ ఒక చోట చేర్చి ఒకదానికొకటి తాటించబోయాడు. సగంలో వాడి చూపు తల్లి మీద పడింది. చేతులు రెండూ వెనక్కి దాచేసుకున్నాడు.

“చేతులెందుకు దాచుకున్నాడు?”

కోడలు చెప్పింది. నర్సు అన్నది, తను అత్తతో అన్నది, పాల గ్లాసు ఎత్తి పట్టుకోవడం. గుండీ సంగతి చెప్పేటప్పుడు నేల చూపులు చూసింది. ఆవిడ పెన్ను మూత పెట్టి విన్నది.

“ఇప్పుడు వాడు చేసింది ఏంటి?”

“ఇంకా కావాలి అని. కుందేలు ఇంకోసారి వాయించాలని కాబోలు.”

“అది మాట కాదా?”

కోడలు వాడు వెనక్కి దాచుకున్న చేతుల వైపు చూసింది.

“ఆ వయసులో నాలిక కంటే చెయ్యి ముందు దారికొస్తుందండి. వినపడే వాళ్ళ ఇళ్ళల్లో కూడా పనిగట్టుకుని నేర్పుతున్నారు ఈ మధ్య, పిల్లలు ఏడవకుండా అడుగుతారని. మీ ఇంట్లో ఆ భాష పుట్టి పెరిగినావిడ ఉంది. నేను ఈ గడిలో చేతి మాటలు కూడా లెక్కేస్తాను. ఎన్ని వచ్చు వీడికి?”

“నాకు తెలీదు.”

“ఎవరికి తెలుసు?”

వరండాలో అత్త ఆమెను చూడగానే లేచి నిలబడింది. సూది వేళ్ళ మధ్యే ఉంది. కోడలు చెవి చూపించింది, రెండు వేళ్ళు చూపించింది, బొటనవేలు పైకెత్తింది. అత్త తల పంకించింది. ఆశ్చర్యపోలేదు. సంతోషంగా ఉందని చెప్పడానికి ఆవిడ మొహంలో ఉన్నది నిలకడైన చిరునవ్వొకటి. కోడలు గది వైపు చూపించి రమ్మంది. చేతులు ఆడించి, చెప్పండి అంది.

లోపలికి వచ్చి కూర్చున్నాక కూడా అత్త చేతులు ఒళ్ళోనే ఉన్నాయి. బోర్లించే ఉన్నాయి. ఆవిడ చూసేది పరీక్ష చేసే ఆవిణ్ణి కాదు, కోడల్ని. బుడ్డోడు ఇద్దరికీ మధ్య నిలబడి ఇద్దరి చేతులూ చూస్తున్నాడు. ఎవరూ కదలడం లేదు.

కోడలు కుర్చీలోంచి జారి నేలమీద వాడి ఎదురుగా కూర్చుంది. వాడి మోకాలి మీద రెండుసార్లు తట్టింది. వాడు చూసే దాకా ఆగింది. పిడికిలి మూసి తెరిచి, కనుబొమలు ఎత్తింది. పాలా?

బుడ్డోడు ఆ పిడికిలిని చాలాసేపు చూశాడు. అమ్మ చెయ్యి తనతో మాట్లాడటం వాడు ఎన్నడూ ఎరగడు. తర్వాత రెండు అరచేతులూ విదిలించాడు. వద్దు. నల్ల పెట్టె వైపు తిరిగి వేళ్ళ కొసలు గబగబా తాటించాడు. ఇంకా, ఇంకా.

పరీక్ష చేసే ఆవిడ నవ్వుతూ లోపలికి పోయి మీట నొక్కింది. కుందేలు డోలు వాయించింది. వాడు నాన్నమ్మ వైపు పరుగెత్తి, తల పక్కన రెండు వేళ్ళు నిలబెట్టి ఊపాడు.

అత్త చేతులు ఒళ్ళోంచి లేచాయి.

అక్కణ్ణుంచి పరీక్ష చేసే ఆవిడకు రాసుకోవడం కష్టమైంది. అత్త అడిగేది, వాడు చేసేది, అత్త కోడలికి సైగ చేసి చెప్పేది, కోడలు తనకు అర్థమైనది నోటితో ఆవిడకు చెప్పేది. తెలియనివి అత్త నటించి చూపించింది. బంతి విసిరింది, దీపం ఆర్పింది, వేడి గిన్నె ముట్టుకుని చెయ్యి లాక్కుంది. పాలు, ఇంకా, వద్దు, దీపం, వేడి, కుక్క, పిట్ట, బంతి, నిద్ర, అయిపోయింది. నొప్పి అన్నప్పుడు వాడు కాలెత్తి బొటనవేలు చూపించాడు. ఒక రోజు ఆలస్యమైంది గాని చెప్పదలచుకున్నది వాడు మరిచిపోలేదు.

పన్నెండో సైగకు కోడలు ఆగిపోయింది. అత్త గాలిలో తలుపు తట్టింది, తన చెవి చూపించి లేదంది, బుడ్డోడి చెవి చూపించింది, వాడు పరుగెత్తుకొచ్చి తన బట్ట పట్టుకుని లాగడం చూపించింది, అరచెయ్యి తెరిచి తలుపు అంది. కోడలు రెండుసార్లు చేయించుకుని చూసింది.

“ఎవరైనా తలుపు కొడితే...” అంది నెమ్మదిగా. “వీడు వెళ్ళి ఆవిడకి చెబుతాడట. దర్జీ షాపు మనిషి వస్తే, పాలవాడు వస్తే. రెండు నెలల నుంచి.”

పరీక్ష చేసే ఆవిడ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. “రెండు నెలల నుంచి ఆవిడకి చెవులు వీడేనన్నమాట. వీడికి వినపడుతుందో లేదో ఆవిణ్ణి ఒక్క మాట అడిగి ఉంటే ఇంత దూరం రావక్కర్లేకపోయేది. నా ఉద్యోగానికే ఎసరు.”

ఆ ఒక్క మాట ఎవరూ అడగలేదు. కోడలు అత్త వైపు చూసింది. అత్త తర్వాతి దాని కోసం వేళ్ళు మడుస్తోంది.

మనుషులు వచ్చారు. చూపుడు వేలు గుండ్రంగా తిప్పితే నాన్న, తీగ చుట్టే మనిషి. రెండు వేళ్ళు కలిపి సూది లాగితే నాన్నమ్మ. తర్వాత బుడ్డోడు పిడికిలి బిగించి నోటి ముందు పెట్టుకుని తల్లి వైపు చూశాడు.

“అదేమీ కాదండి,” అంది కోడలు. “పళ్ళ దురద. ఎప్పుడూ అదే పని. నేను తీసేస్తూ ఉంటాను.”

అత్త తల అడ్డంగా ఊపింది. వాడి పిడికిలి చూపించింది. తనూ అలాగే పిడికిలి నోటి ముందు పెట్టుకుని, రెండో చేత్తో గంట మీట నొక్కి, పెదాలు కదిలించింది. పక్కకు తిరిగి కోడల్ని చూపించింది.

మైకు.

వాడు మళ్ళీ పిడికిలి నోటి ముందు పెట్టాడు, ఆపైన రెండు చేతులతో పెద్ద స్టీరింగు తిప్పాడు. అత్త తిరిగి అంతే చేసింది, గడియారం చూపించింది, రెండున్నర అని వేళ్ళతో చెప్పింది. అమ్మ, బస్సు. పగలంతా వాడు అడిగే ప్రశ్న అదేనట. జవాబూ అదే.

కోడలికి ఈసారి నోటితో చెప్పడం రాలేదు. పరీక్ష చేసే ఆవిడ అడగకుండానే రాసుకుంది. “రెండు మాటలు కలుపుతున్నాడు,” అని తనలో తను అనుకుంటున్నట్టు అంది. ఇంకో మూడు అయ్యాక పైనుంచి కిందికి లెక్కపెట్టి, సున్నాను అడ్డంగా కొట్టేసి పక్కన పంతొమ్మిది వేసింది.

“ఇంట్లో రెండూ సాగనివ్వండి. మీరు నోరు కట్టేసుకోకండి, ఆవిడ చేతులు కట్టెయ్యకండి. మీరు చెప్పేది వాడు వినాలి కూడా. ఏ పని చేస్తున్నా వాడితో మాట్లాడుతూ ఉండండి. మూడు నెలలు పోయాక తీసుకురండి. అప్పటికీ నోటి మాట మొదలవకపోతే దాని సంగతి అప్పుడు చూద్దాం. ఈ చేతులు అడ్డమని మాత్రం అనుకోకండి.” కాగితం మడిచి కోడలికి ఇస్తూ, “టీకాల గది వాళ్ళకి నేను చెబుతాను,” అంది.

బయటికొచ్చి కోడలు భర్తకు ఫోను చేసింది. మొదటి మోతకే ఎత్తాడు.

“వినపడుతోందట. రెండు చెవులూ.”

అటువైపు మోటారు చప్పుడు లేదు, మనుషుల చప్పుడు లేదు. 

“ఉన్నారా?”

“ఉన్నా. పొద్దుటి నుంచి తీగ ఒక్క చుట్టు కూడా సరిగ్గా పడలేదు. మూడుసార్లు విప్పాను.” గొంతు సవరించుకున్నాడు. “అమ్మకి చెప్పావా?”

“ఆవిడకి ముందే తెలుసు,” అంది కోడలు.

ఆస్పత్రి ఎదురుగా బస్సు స్టాపులో నీడ పట్టున నలుగురైదుగురు నిలబడి ఉన్నారు. బుడ్డోడు పోతున్న బండికల్లా స్టీరింగు తిప్పుతున్నాడు. కోడలి ఒళ్ళంతా దూదిలా తేలికగా ఉంది. ఇంటికి వెళ్ళి కాళ్ళు బారజాపి కూర్చోవాలనుంది. అప్పుడు అత్త ఆమె భుజం తట్టింది. చంకలోని సంచీ తీసి ఆమె చేతిలో పెట్టింది. కళ్ళద్దాలు తీసి అవీ ఇచ్చింది. చేతులు రెండూ ఖాళీ అయ్యాక మొదలుపెట్టింది.

కోడలు ఆవిడ అంత వేగంగా మాట్లాడటం ఎన్నడూ చూడలేదు. ఇంట్లో ఆమెతో ఆవిడ ఎప్పుడూ నత్తనడకన, చిన్నపిల్లకు చెప్పినట్టు చెబుతుంది. ఇప్పుడు చేతులు ఒకదాని వెంట ఒకటి కొట్టుకొచ్చాయి, అరచేతి మీద అరచెయ్యి చప్పుడు చేసింది, కనుబొమలు, భుజాలు, మొహమంతా మాట్లాడింది. స్టాపులో వాళ్ళు పక్కకు జరిగి చోటిచ్చారు. ఒకాయన పేపరు దించాడు. ఏ భాషైనా తిట్లు తిట్లేనని వాళ్ళందరికీ తెలిసిపోయింది.

కోడలు చూపు తిప్పుకోలేదు. తిప్పుకుంటే చెవులు మూసుకున్నట్టే. రెండు రోజులు అన్నది అందింది. పిల్లాడు, ఏడుపు అన్నవి అందాయి. జబ్బ మీద సూది గుచ్చింది, అంటే నర్సు. గుండీ. కళ్ళు మూసుకోవడం, గుండె మీద పిడికిలి. నువ్వు, నువ్వు, నువ్వు. మిగతాది చేతుల వెంట గాలిలో పోయింది. అత్త ఆగి ఊపిరి పీల్చుకుంది. మొహం ఎర్రబడి ఉంది.

కోడలు బుడ్డోణ్ణి కిందికి దించి కాళ్ళ మధ్య నిలబెట్టుకుంది. సంచీ మోచేతికి తగిలించుకుంది. నెమ్మదిగా, మళ్ళీ చెప్పండి అనాలని ఉంది. ఎలా అనాలో రాదు. చేతికి వచ్చినదేదో అదే చేసింది. రెండు చేతుల వేళ్ళ కొసలూ చేర్చి తాటించింది. ఇంకా.

తిట్లు చాలలేదు, ఇంకా కావాలంటోంది. అత్త నమ్మలేనట్టు చూసింది. ఆవిడ పెదవి చివర ఒకటి అదిరింది, దాన్ని బిగబట్టబోయి బిగబట్టలేకపోయింది. గొంతులోంచి శబ్దం వచ్చేలా నవ్వింది. బుడ్డోడు ఆ శబ్దానికి తలెత్తి చూశాడు. నవ్వు అయ్యాక ఆవిడ మళ్ళీ మొహం గంటు పెట్టుకుంది. కోడలి మణికట్లు పట్టుకుని, వేళ్ళు ఎలా చేర్చాలో సరిచేసింది. ఇలా కాదు, ఇలా. ఆపైన ఇంకాకి, మళ్ళీకి తేడా చూపించింది. కోడలు చేత్తో ‘మళ్ళీ’ అంది. అరచెయ్యి కిందికి అణుస్తూ నెమ్మదిగా అనడం కూడా నేర్చుకుంది.

వాళ్ళ బస్సు వచ్చి ఆగింది. స్టాపులో వాళ్ళు ఎక్కారు. డ్రైవరు అద్దంలోంచి వీళ్ళ వైపు చూశాడు. కోడలు చెయ్యి ఊపి పొమ్మంది. ఆ నంబరు బండి ఇంకోటి ఇరవై నిమిషాలకు ఉంది. ఆ సంగతి ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు.

బస్సు కదిలి దుమ్ము సర్దుకున్నాక అత్త ఆమె ఎదురుగా సరిగ్గా నిలబడి మొదటి నుంచి అందుకుంది. ఒక్కొక్క మాటా ఆమెకు అర్థమయ్యే దాకా ఆగి, ఆ తర్వాతిది తిట్టింది.